పైన వదులైతే కింద చిక్కు

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను విద్య ప్రాముఖ్యం గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు. ఏటా ఎవరో ఒక పంతులు ఆ విషయం మీద మాట్లాడుతూనే ఉన్నాడు. రెండుసార్లు ఆ పంతుల్ని నేనే. అందుచేత వారి అనుమతితో ఈసారి విషయం మార్చుకున్నాను. నేను మాట్లాడబోయేది కుట్టు మిషను గురించి. నవ్వుతున్నారు. నవ్వండి, ఫరవాలేదు. ఈ మాట చెప్పినప్పుడు మా ఇంటావిడ మీకంటే ఎక్కువ నవ్వింది. నేను ఉర్దూ మీడియం ఉపాధ్యాయుణ్ణి. ఇంట్లో మాట ఉర్దూ, బజారులో మాట తెలుగు. భాషలో తప్పులు దొర్లితే పెద్దలు మన్నించాలి.

ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. మన సంఘం ఏటా కొందరు బీద స్త్రీలకు కుట్టు మిషన్లు ఇస్తోంది. ఇచ్చిన మిషన్లు ఎలా పనిచేస్తున్నాయో చూసి రమ్మని పోయిన చలికాలంలో నన్ను పంపారు. మా వీధిలోనే మూడు ఇళ్లకు వెళ్లాను. ఒక ఇంట్లో మిషను మీద గోనె కప్పి, ఆ గోనె మీద జొన్నల మూట పెట్టారు. రెండో ఇంట్లో అది పిల్లలు పుస్తకాలు పెట్టుకునే బల్ల అయింది. మూడో ఇంట్లో మిషనే లేదు, ఇనుప సామాను కొనేవాడికి అమ్మేశారు. "ఏమైందమ్మా?" అంటే ముగ్గురిదీ ఒకటే జవాబు. "పాడైంది సాబ్. కింద దారం చిక్కుపడుతోంది."

నేను ఇంటికి వచ్చి నివేదిక రాశాను. అందులో "లబ్ధిదారుల అశ్రద్ధ" అని ఒక మాట రాశాను. ఆ మాట చూసే, మిషన్ల పంపిణీ ఆపేసి ఆ సొమ్ము ఇంకో పనికి వాడదామన్న ఆలోచన మన కమిటీలో మొదలైంది. ఈ రోజు ఆ మాటను ఈ సభాముఖంగా వెనక్కి తీసుకుంటున్నాను. ఎందుకు తీసుకుంటున్నానో చెప్పడానికే ఈ ప్రసంగం.

ఆ తరువాత రంజాన్ నెల వచ్చింది. పండుగకు ఇంకా పది రోజులుంది. మా ఇంట్లో ఉన్నది కాలితో తొక్కే పాత నల్ల మిషను. అది మా అత్తగారిది. ఆమె దాని మీద కుట్టి నలుగురు పిల్లల్ని పెంచి, చివరికి కూతురికి ఇచ్చింది. కర్నూలు నుంచి బస్సు మీద వేయించుకుని తెచ్చాం. మా ఆవిడ దాని మీద వీధిలో వాళ్లకు గౌన్లు, కమీజులు, దిండు గలేబులు కుడుతుంది. ఆ డబ్బు ఎంత, ఏమైంది అని నేను ఎన్నడూ అడగలేదు. పెద్దమ్మాయి ఇంటర్మీడియట్ ఫీజు కట్టే రోజున సగం డబ్బు గోధుమపిండి డబ్బా వెనకనుంచి వచ్చినప్పుడు మాత్రం తెలిసింది. ఆ పండుగకు ఆమె పద్నాలుగు జతలు ఒప్పుకుంది. ఏడు పూర్తయ్యాయి. ఎనిమిదో జత దగ్గర మిషను మొరాయించింది.

గుడ్డను పైనుంచి చూస్తే కుట్టు ఉన్నట్లే ఉంది, అక్కడక్కడ ఒకటి తప్పిపోతోంది. తిప్పి చూస్తే కింద దారం ఉండలు ఉండలుగా, గజిబిజిగా ఉంది. నాలుగు అంగుళాలు కుట్టేసరికి చక్రం బిగుసుకుపోతోంది. ఆ ఇల్లాళ్లు చెప్పిన రోగమే!

నేను లేచాను. స్క్రూడ్రైవరు తీశాను. మగవాడి చేతికి స్క్రూడ్రైవరు వస్తే ఇంట్లో ఇంకెవరూ మాట్లాడకూడదు గదా! చిక్కు కింద పడుతోంది కాబట్టి లోపం కిందనే ఉందని తేల్చేశాను. బాబిన్ పెట్టే డబ్బీని బయటికి తీసి, దాని మీది చిన్న స్క్రూ బిగించాను. ఈసారి కింది దారం పుటుక్కున తెగింది. వదులు చేశాను. చిక్కు ఇంకా ఎక్కువైంది. నూనె తక్కువైందేమోనని మిషను నూనె కోసం వెతికితే సీసా ఖాళీ. తలకు రాసుకునే కొబ్బరినూనె కనిపించింది. మా ఆవిడ "అజీ, అది పోయకండి" అంటూనే ఉంది, నేను పోస్తూనే ఉన్నాను. చివరికి ముందు భాగంలో పైదారాన్ని బిగించే మర ఉంటుంది చూడండి, దాన్ని విప్పాను. లోపలి స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోయింది.

అప్పటికి రెండు గంటలైంది. "ఈ మిషను పని అయిపోయింది, పాత ఇనుము" అన్నాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్లు! బజారులో రిపేరు చేసేవాడి దగ్గరికి మా అబ్బాయిని పంపిస్తే, పండుగ దాటాకే చూస్తానన్నాడట. అతని తప్పేముంది? ఆ రోజుల్లో ఊళ్లో మిషన్లన్నీ ఒకేసారి మూలుగుతాయి.

రాత్రి తరావీహ్ అయి ఇంటికి వచ్చేసరికి, మా ఆవిడ మిషను ముందు చాప వేసుకుని కూర్చుని ఉంది. పక్కన ఒక తెల్లగుడ్డ పరిచి ఉంది. నేను విప్పి ఎక్కడివక్కడ పడేసిన ముక్కలన్నీ దాని మీద వరసగా ఉన్నాయి. నేను విప్పుతున్నప్పుడే ఒక్కొక్కటి ఏరి, విప్పిన క్రమంలోనే పేర్చిందట. మంచం కింది స్ప్రింగు కూడా దాని చోటులో అది ఉంది.

"మీ బడిలో పిల్లవాడి లెక్క తప్పితే ఏం చేస్తారు?" అని అడిగింది.

"మొదటి మెట్టు నుంచి చూస్తాను, ఎక్కడ తప్పాడో."

"పలకను పగలగొట్టరు గదా?"

నేను మాట్లాడలేదు.

"మీరు మధ్యాహ్నం ఒకేసారి నాలుగు మార్చారు. ఇప్పుడు ఏ మార్పుతో ఏమైందో మీకూ తెలియదు, మిషనుకూ తెలియదు. ఇక ఒక్కొక్కటే చేద్దాం. నేను చేస్తాను, మీరు పుస్తకంలో రాయండి."

నా హోదా అలా ఉపాధ్యాయుడి నుంచి గుమాస్తాకు దిగింది. కాని నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నేను నేర్చుకున్నంత విద్య ట్రైనింగ్ కాలేజీలో నేర్చుకోలేదు.

మొదట ముక్కలను తెల్లగుడ్డ మీది వరసకు ఎదురు వరసలో బిగించింది. కొబ్బరినూనె పోసిన చోట్లన్నీ పాతగుడ్డతో తుడిచింది. వంటనూనె, కొబ్బరినూనె రోజులు గడిచేకొద్దీ జిగురై గట్టిపడతాయి. మిషనుకు మిషను నూనే పోయాలి, అదీ ఒక్కో రంధ్రంలో ఒక్కో చుక్క. పక్కింటి ఖాలా దగ్గర కొంచెం నూనె దొరికింది.

తరువాత ఆమె చేసిన పని చూసి ఆశ్చర్యపోయాను. పైన ఎర్ర దారం ఎక్కించింది, కింద బాబిన్‌లో తెల్ల దారం పెట్టింది. ఒక పాతగుడ్డ మీద నాలుగు అంగుళాలు కుట్టి, తిప్పి నా చేతికిచ్చింది. "కింద ఉండల్లో ఏ రంగుంది, చూడండి."

చూశాను. అంతా ఎరుపే.

"చిక్కు పడింది కిందనే, కాని చిక్కుపడిన దారం పైది. పైన ఎక్కడో వదులుంది. మీరు మధ్యాహ్నమంతా నేరం చేయనివాణ్ణి కొట్టారు" అంది.

సభవారికి ఇది ఎందుకిలా అవుతుందో చెప్పాలి. కుట్టు మిషను రెండు దారాలతో కుడుతుంది. సూది పైదారాన్ని తీసుకుని గుడ్డలోంచి కిందికి దిగుతుంది. మళ్లీ పైకి లేవబోయేటప్పుడు సూది పక్కన దారం చిన్న ఉంగరంలా ఉబ్బుతుంది. కింద తిరిగే కొక్కెం ఆ ఉంగరాన్ని పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. అంతలో మిషను ముందున్న చేయి పైకి లేచి, మిగిలిన దారాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు రెండు దారాల ముడి సరిగ్గా గుడ్డ మందంలో కూర్చుంటుంది. పైదారానికి పట్టు లేకపోతే ఆ చేయి ఎంత లాగినా పై రీలు నుంచి కొత్త దారమే వస్తుంది గాని, కిందికి పోయిన దారం వెనక్కి రాదు. అదంతా కిందనే ఉండిపోయి ఉండ కడుతుంది. కొక్కెం అసలు ఉంగరాన్నే అందుకోలేకపోతే కుట్టు తప్పుతుంది. తెలిసిన తరువాత ఇదంతా తేలికే.

ఇక పైన వదులు ఎక్కడుందో వెతకాలి. మా ఆవిడ మొదట దారాన్ని పూర్తిగా తీసేసి, గుడ్డను తొక్కిపట్టే పాదాన్ని పైకెత్తి, మళ్లీ మొదటి నుంచి ఎక్కించింది. పాదం ఎత్తి ఉంటే దారాన్ని పట్టే రెండు బిళ్లలు విడివడి దారం మధ్యలోకి దిగుతుంది. పాదం దించి ఎక్కిస్తే దారం బిళ్లల పైపైనే ఉండిపోవచ్చు. ఎక్కించిన తరువాత పాదం దించి దారం లాగి చూసింది. బిగువుగా రావాలి. కాని జారిపోతోంది. మర బిగించినా జారుతోంది.

దీపం దగ్గరికి జరిపి, ఆ రెండు బిళ్లల మధ్యకు చూడమంది నన్ను. "నా కంటికి చత్వారం వచ్చినట్లుంది, మీరే చూడండి" అంది. అప్పటికి నాకూ ఒక పని దొరికింది! చూశాను. గోరులో సగం కూడా ఉండదు, తెగిన పాత దారం ముక్క ఒకటి నూనెకు, దుమ్ముకు అంటుకుని బిళ్లల మధ్య కూర్చుంది. అది అడ్డంగా ఉన్నంతసేపూ బిళ్లలు మూసుకోవు. ఒక సన్నని గుడ్డపేలికను బిళ్లల మధ్య పెట్టి అటూ ఇటూ లాగితే ముక్క బయటికి వచ్చింది. మళ్లీ కుట్టి చూశాం. కింద ఉండలు పోయాయి.

కాని కుట్టు తప్పడం పోలేదు. నేను నిరాశపడ్డాను. ఆమె పడలేదు. "పుస్తకంలో రాయండి, ఒకటి పోయింది, ఇంకొకటి ఉంది" అంది. సోదరులారా, నాకు ఈ మాట చాలా విలువైనదిగా తోచింది. రెండు లోపాలు కలిసి ఉన్నప్పుడు ఒకటి సరిచేస్తే రెండోది మిగిలి, చేసిన మేలు కూడా కనపడదు. అక్కడే మనిషి విసిగి, అన్నీ మళ్లీ విప్పేస్తాడు.

"నిన్న ఏం మారింది?" అని నేనే అడిగాను. ఆమె ఆలోచించి, మందపాటి గుడ్డలు రెండు మడతలు వేసి కుడుతున్నప్పుడు సూది ఒకసారి టక్కుమందని చెప్పింది. సూది విప్పి అద్దం మీద పెట్టి దొర్లించాం. మొన సన్నగా ఎగిరెగిరి పడింది. కంటికి కనపడనంత వంకర. కొత్త సూది పెట్టబోతూ నాకు గాడి చూపించింది. సూదికి ఒక వైపు పొడవాటి గాడి ఉంటుంది. దారం ఏ వైపు నుంచి కంటిలోకి పోతుందో ఆ గాడి ఆ వైపే ఉండాలి. తిప్పి పెడితే మంచి సూది కూడా కుట్టదు. సూదిని అందినంత మేరకు పైదాకా తోసి మర బిగించాలి. సూది మార్చేటప్పుడు కాలు తొక్కుడు పలక మీద ఉండకూడదు. మోటారు మిషనైతే ముందు ప్లగ్గు తీయాలి.

రాత్రి పన్నెండున్నరకు మిషను పాడినట్లు నడిచింది. సహరీకి లేచే వేళకు ఎనిమిదో జత పూర్తయింది. పండుగ ముందు రోజుకు పద్నాలుగూ అయ్యాయి.

ఇక్కడ కొంచెం చరిత్ర చెబుతాను, పంతులు అలవాటు. సూది కన్ను మొన దగ్గర ఉండి, రెండు దారాలతో ముడి వేసే మిషనుకు అమెరికాలో ఎలియాస్ హోవ్ 1846లో పేటెంటు పొందాడు. ఐజాక్ సింగర్ తన మిషనుకు 1851లో పొందాడు. మహాత్మా గాంధీ యంత్రాల మీద విమర్శ చేసినవారే అయినా, 1924లో ఒక విద్యార్థితో మాట్లాడుతూ సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టి అలసిపోవడం చూసి ఆమె మీది ప్రేమతో సింగర్ దాన్ని తయారుచేశాడన్నది ఆయన చెప్పిన కారణం. చరిత్రకారులు చెప్పే కథ కొంచెం వేరు. 1850లో బోస్టన్‌లో ఒక కార్ఖానాకు వేరొకరి కుట్టు మిషన్లు మాటిమాటికీ రిపేరుకు వచ్చేవి. వాటిలో లోపం ఎక్కడుందో చూస్తూ చూస్తూ సింగర్ కొత్త మిషను కట్టాడు. అంటే ఆ మిషను పుట్టిందే రిపేరులోంచి. నాకు రెండు కథలూ ఇష్టమే. భార్య కష్టం కంటికి కనపడాలి, లోపాన్ని ఓపికగా వెతకాలి. ఆ రాత్రి మా ఇంట్లో ఈ రెండూ జరిగాయి.

పండుగ మూడో రోజున మా ఆవిడ ఒక సూదుల పొట్లం, నూనె సీసా, పాత టూత్‌బ్రష్షు పట్టుకుని, జొన్నల మూట ఉన్న ఇంటికి బయలుదేరింది. నేను మూట దించడానికి వెంట వెళ్లాను. అక్కడ చక్రం తిరుగుతోంది గాని సూది కదలడం లేదు. బాబిన్ చుట్టేటప్పుడు చక్రం మధ్యలోని పెద్ద మరను వదులు చేస్తారు. చుట్టాక బిగించడం ఆ అమ్మాయికి ఎవరూ చెప్పలేదు. చేత్తో అర చుట్టు తిప్పితే మిషను లేచి కూర్చుంది. ఆ అర చుట్టు తెలియక ఏడు నెలలు ఆ ఇంటికి రావలసిన డబ్బు రాలేదు. దాన్నే నేను "అశ్రద్ధ" అని రాశాను. రెండో ఇంట్లో బట్టను ముందుకు తోసే పళ్ల కింద, కమీజుకు జేబు కుట్టేంత నూలుదుమ్ము పేరుకుని ఉంది. పైదారం మాత్రం పాదం దించి ఎక్కిస్తున్నారు. అరగంటలో అదీ నడిచింది. మూడో ఇంటి మిషను గురించి చెప్పడానికి ఏమీ లేదు. అది ఇనుములో కరిగిపోయింది. ఆ ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు నేను తల వంచుకుంటాను.

కాబట్టి నా మనవి ఇది. మిషన్ల పంపిణీ ఆపవద్దు. ఇచ్చే తీరు మార్చుదాం. ఒకటి, ప్రతి మిషనుతోపాటు చిన్న డబ్బా ఇద్దాం. అందులో రెండు మూడు నంబర్ల సూదులు, మిషను నూనె, పెద్దదీ చిన్నదీ రెండు స్క్రూడ్రైవర్లు, బ్రష్షు, అదనంగా బాబిన్లు ఉంటే చాలు. రెండు, ఇచ్చే రోజున ఫొటో తీసుకోవడానికి ముందు ఒక పూట నేర్పుదాం. ఫోనులో వీడియోలు ఉన్నాయి గదా అంటారు. ఉన్నాయి, చూడవచ్చు. కాని ఫోనులోని మిషను వేరు, ఇంట్లోని మిషను వేరు. పక్కన కూర్చుని చెయ్యి పట్టి చూపించేవాళ్లు కావాలి. మూడు, నేర్పేది మన వీధుల్లోని చేయి తిరిగిన స్త్రీలే కావాలి, వారికి సంఘం కూలి ఇవ్వాలి. మూడు నెలలకొకసారి వాళ్లే ఇంటింటికీ వెళ్లి చూడాలి. నాలాంటి నివేదికలు రాసేవాళ్లు మూట దించడానికి వెంట వెళితే చాలు.

నాలుగోది యువకులకు. నేర్పే పూట మీరు కూడా వచ్చి కూర్చోండి. భార్య దగ్గర, అక్క దగ్గర, తల్లి దగ్గర నేర్చుకుంటే మీసం రాలిపోదు. ఇరవై ఏళ్లుగా ఆమె ఆ మిషను చప్పుడు వింటోంది. ఏ చప్పుడు మామూలుది, ఏది కాదు అన్నది ఆమె చెవికి తెలుసు. నేను రెండు గంటలు దాన్ని చెవిటివాడిలా విప్పాను.

చివరిమాట. కింద చిక్కు కనిపించగానే కిందివాళ్లదే తప్పు అనుకోవడం నా ఒక్కడి అలవాటు కాదు. బడిలో పిల్లవాడు తప్పితే పిల్లవాడి అశ్రద్ధ అంటాం, ఇచ్చిన మిషను మూలపడితే ఆడవాళ్ల అశ్రద్ధ అంటాం. ఇకమీదట నివేదిక రాసేముందు ఎర్రదారం, తెల్లదారం వేసి చూద్దాం. చిక్కుపడిన దారం ఎవరిదో తెలుస్తుంది.

ఈ ప్రసంగం రాసి మా ఆవిడకు వినిపించాను. అంతా విని, "బాగుంది గాని, కొబ్బరినూనె సంగతి తీసేయకూడదా, నలుగురిలో మీ పరువు పోతుంది" అంది. తీయలేదు. పరువుకంటే మిషను ముఖ్యం.